గోలు కొట్టనివారి చరిత్ర

మా సీమ తిరునాళ్ళలో బండలాగుడు పోటీలు చూసినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. మరునాటి పత్రికలో ఫలితం పడుతుంది. ఫలానా ఊరి ఫలానావారి ఎడ్లు ఇన్ని అడుగుల దూరం బండను లాగి మొదటి బహుమతి గెలుచుకొన్నాయని ఉంటుంది. యజమాని పేరుంటుంది, ఊరి పేరుంటుంది, బహుమతి సొమ్ము ఇచ్చిన దాత పేరు ఇంకాస్త పెద్ద అక్షరాలలో ఉంటుంది. లాగిన ఎద్దు పేరు ఉండదు. అది దూడగా ఉన్నప్పుడే దాని మెడనూ, మూపునూ, గిట్టలనూ చూసి "ఇది పనికొస్తుంది" అని గుర్తుపట్టిన మనిషి పేరు అసలే ఉండదు. ఆ మనిషే ఏళ్ళ తరబడి ఉలవలు ఉడకబెట్టి పెట్టి, చిన్న బండతో మొదలుపెట్టి పెద్ద బండ దాకా దానికి అలవాటు చేసి ఉంటాడు.

ఈ మాట ఇప్పుడెందుకు గుర్తుకొచ్చిందంటే, అమెరికాలో చదువుకొంటున్న మా తమ్ముని కొడుకు సెలవులకు రాజంపేట వచ్చి, ఒక రాత్రి తన కంప్యూటరులో వాళ్ళ కాలేజీ ఫుట్‌బాలు ఆట చూపించాడు. మనం ఫుట్‌బాలు అనేది కాదు, కోడిగ్రుడ్డు ఆకారపు బంతితో వాళ్ళు ఆడేది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆట మొదలైన రెండు క్షణాలకే అంతా కుప్పగా పడిపోతున్నారు, ఈల వేస్తున్నారు, మళ్ళీ లేచి నిలబడుతున్నారు. నా అవస్థ చూసి వాడన్నాడు:

"బంతిని చూడొద్దు పెదనాన్నా. ముందు వంగి నిలబడిన ఆ అయిదుగురిని చూడు. ఆటంతా వాళ్ళ దగ్గరే ఉంటుంది."

చూశాను. ఆ రాత్రి మొదలుకొని చాలా రోజులు ఆ అయిదుగురి గురించే చదివాను. చదువుతూ పోగా దారి తిరిగి తిరిగి హైదరాబాదుకు చేరింది. ఆ ప్రయాణాన్ని మిత్రులతో పంచుకొందామని ఈ వ్యాసం.

*

ముందు ఆ అయిదుగురి సంగతి. అమెరికన్ ఫుట్‌బాలులో జట్టుకు పదకొండుమంది. బంతి తమ చేతిలో ఉన్నప్పుడు ముందు వరుస మధ్యలో ఒక సెంటరు, అతనికి అటూ ఇటూ ఇద్దరు గార్డులు, వారికి ఆవల ఇద్దరు టాకిళ్ళు నిలబడతారు. వీరిని అఫెన్సివ్ లైన్‌మెన్ అంటారు. వెనుకనున్న క్వార్టర్‌బ్యాక్ అనే నాయకుడు బంతి విసిరే దాకా ఎదుటి జట్టువారు అతని మీద పడకుండా కాచుకోవడం, బంతి పట్టుకొని పరుగెత్తేవాడికి దారి తెరవడం వీరి పని. మామూలుగా ముందుకు విసిరిన బంతిని అందుకొనే హక్కు వీరికి నియమాలే ఇవ్వవు. బంతిని రక్షించేవాడికి బంతి మీద హక్కు లేదు!

లెక్కలంటే ప్రాణం పెట్టే దేశమది. ఎవరు ఎన్ని గజాలు పరుగెత్తారో, ఎవరు ఎన్ని బంతులు పట్టారో దశాంశాలతో సహా వ్రాసి పెడతారు. అటువంటి చోట కూడా లైన్‌మన్‌కు చెప్పుకోదగ్గ లెక్క అంటూ చాలాకాలం లేదు. అతను తప్పు చేసినప్పుడు మాత్రం జరిమానా వేసి, చొక్కా మీది సంఖ్యను మైకులో చదువుతారు. బాగా చేసినన్నాళ్ళూ కనబడడు, తప్పు చేసిన్నాడు కనబడతాడు. మన ఇళ్ళలో వంట చేసే ఆడవాళ్ళ పరిస్థితి ఇంచుమించు ఇదే కదా అనిపించింది.

ఈ వరుస ఎప్పుడు పుట్టింది? 1880లో వాల్టర్ క్యాంప్ అనే ఆయన నియమాలు మార్చి, గుంపు తోపులాటగా సాగుతున్న ఆటలో రెండు జట్లనూ ఒక గీతకు ఇరువైపులా నిలబెట్టాడు. గీత పుట్టగానే గీత మీద నిలబడేవాడు పుట్టాడు. 1924లో నోటర్‌డేమ్ విశ్వవిద్యాలయపు జట్టు అజేయంగా నిలిచినప్పుడు, గ్రాంట్లాండ్ రైస్ అనే పత్రికా రచయిత ఆ జట్టులో బంతితో ఆడే నలుగురికీ బైబిలు నుంచి తెచ్చి "నలుగురు ఆశ్వికులు" అని బిరుదిచ్చాడు. ఆ పేరు ఈనాటికీ అమెరికాలో తెలియనివారు తక్కువ. వారి ముందు నిలబడి దారి చేసిన ఏడుగురికి కూడా ఒక పేరు దక్కింది, "ఏడు కంచరగాడిదలు" అని. ఆ జట్టుకు కెప్టెన్ ఆ గాడిదలలో ఒకడైన ఆడమ్ వాల్ష్ అనే సెంటరు. అయినా గుర్రపుస్వారీ చేసినవాళ్ళే చరిత్రలో నిలిచారు.

పన్నెండేళ్ళ తరువాత, 1936లో, ఫోర్డమ్ విశ్వవిద్యాలయపు వరుసకు ఇంకాస్త గౌరవమైన పేరు వచ్చింది, "ఏడు నల్లరాతి దిమ్మెలు" అని. అందులో ఒక దిమ్మె విన్స్ లొంబార్డి, తరువాతి కాలంలో శిక్షకుడిగా ఆ దేశంలో పురాణపురుషుడైనవాడు. నల్లరాయి అన్నారు గాని ఆయన బరువు ఎనభై అయిదు కిలోలు కూడా లేదు. ఇప్పటి పెద్ద కాలేజీలలో ఆ స్థానంలో నిలబడేవాడు నూట ముప్పై అయిదు కిలోలకు తక్కువ తూగడు. మధ్యలో ఏం జరిగిందంటే, పెంపకం ఒక శాస్త్రమయింది. 1969లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయం బాయిడ్ ఎప్లీ అనే యువకుణ్ణి ఆటగాళ్ళ కండబలం పెంచడమే ఉద్యోగంగా నియమించుకొంది. కళాశాలలన్నీ ఆ దారి పట్టాయి.

నన్ను ఎక్కువగా ఆకట్టుకొన్నది బరువు కాదు, ఓర్పు. పదిహేడేళ్ళ కుర్రవాడు బంతి ఎంత వేగంగా విసురుతాడో చూస్తే తెలిసిపోతుంది. అదే వయసువాడు ఇరవై రెండేళ్ళకు మంచి లైన్‌మన్ అవుతాడా అంటే ఊహించి చెప్పవలసిందే. అందుకని వెదికేవాళ్ళు ఇప్పటి బరువు చూడరు. ఎముకల పొడవూ, పాదాల చురుకూ, నడుము వంగే తీరూ చూస్తారు. కుస్తీ పట్టేవాడా అని అడుగుతారు. తెచ్చుకొన్నాక ఒక ఏడాది ఆడించకుండా కూర్చోబెట్టి తిండి పెట్టి పాఠాలు చెబుతారు. కొన్నిసార్లు స్థానమే మార్చేస్తారు. అయోవా విశ్వవిద్యాలయానికి రాబర్ట్ గ్యాలరీ అనే కుర్రవాడు బంతి పట్టుకొనే టైట్ ఎండ్‌గా వచ్చాడు. అక్కడి గురువులు అతనిలో టాకిల్‌ను చూశారు. 2003లో దేశంలోకెల్లా ఉత్తమ లైన్‌మన్‌కిచ్చే ఔట్‌లాండ్ ట్రోఫీ అతని చేతికి వచ్చింది.

దూడను చూసి ఎద్దును ఊహించడమంటే ఇదే.

*

ఇంత చదివాక సహజంగా ఒక ప్రశ్న పుడుతుంది. మన తెలుగునాట ఇటువంటి పని, అంటే పేరు రాని స్థానాలకు మనుషులను వెదికి, తెచ్చి, తిండిపెట్టి, తీర్చిదిద్దిన పని ఎవరైనా చేశారా?

చేశారు. ఆ పని ఒక బడిపంతులు చేశాడు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్.

2024లో హిందీలో ఆయన మీద "మైదాన్" అనే సినిమా వచ్చాక పేరు కొంత వినబడింది. అంతకు ముందు మనలో ఎంతమందికి తెలుసు? 1909 ఆగస్టు 17న పుట్టిన రహీమ్ ఉస్మానియాలో పట్టా పుచ్చుకొని, హైదరాబాదు బడులలో ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. తరువాత వ్యాయామవిద్యలోనూ శిక్షణ పొందాడు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘానికి కార్యదర్శి అయ్యాడు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యాడు. 1963 జూన్ 11న కాన్సరుతో మరణించేదాకా ఆ పని వదలలేదు.

పోలీసు జట్టు ఆయనతోనే పుట్టలేదు. నార్బర్ట్ ఫ్రూవాల్ అనే అధికారి దానికి పునాది వేశాడు. బెంగళూరులో జరిగిన యాష్ గోల్డ్ కప్పులో ఆ జట్టు ఇంగ్లీషు రాయల్ ఎయిర్ ఫోర్సు జట్టును ఓడించింది. ఓడినవారిలో క్రికెట్ వీరుడు డెనిస్ కాంప్టన్ కూడా ఉన్నాడు. రహీమ్ చేతికి వచ్చాక జరిగినది మరొక ఎత్తు. 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు హైదరాబాదుకే వచ్చింది. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు తెచ్చుకొన్నారు. 1956-57, 1957-58లలో సంతోష్ ట్రోఫీ హైదరాబాదు రాష్ట్ర జట్టుదే.

ఇదెలా సాధ్యమైందో చూద్దాం. మొదటిది, జీతం. అమెరికా కళాశాల కుర్రవాడికి చదువు ఉచితమని చెప్పి తెచ్చుకొంటుంది. ఆటను బట్టి చదువుకు సొమ్మివ్వడానికి వాళ్ళ సంఘం 1956లో బాహాటంగా అనుమతించింది. ఇంచుమించు ఆ కాలంలోనే హైదరాబాదులో పోలీసు శాఖ ఆటగాడికి ఉద్యోగమిచ్చి తెచ్చుకొన్నది. పేదింటి కుర్రవాడికి నెల తిరిగేసరికి జీతం, తలమీద టోపీ, ముసలితనంలో పింఛను. బంతి తన్ని ఇల్లు గడపవచ్చునన్న మాట ఆ వీధులలో ఎంత బలమైనదో ఊహించండి. గోలు కొట్టేవాడికి ఎవరైనా పిలిచి కానుక ఇస్తారు. గోలు కాకుండా ఆపేవాడికి నెలజీతమే శరణ్యం. కాబట్టి ఉద్యోగపు భరోసా ఉన్నచోటనే మంచి రక్షకులు తయారవుతారని నాకనిపిస్తుంది.

రెండవది, చూపు. తులసీదాస్ బలరాం సికిందరాబాదు దగ్గరి అమ్ముగూడలో 1936లో పుట్టాడు. కటిక పేదరికం. రహీమ్ కంట పడ్డాడు గాని, అభ్యాసానికి హైదరాబాదు దాకా రోజూ వచ్చిపోయే స్తోమత లేదన్నాడట. అప్పుడు గురువు సైకిలు ఏర్పాటు చేశాడని బలరామే తరువాత చెప్పుకొన్నాడు. 1956 మెల్బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్సులకు ఆ సైకిలు మీదుగానే దారి పడింది. బలరాం దాడి చేసే వరుసవాడు, నా వ్యాసానికి కథానాయకుడు కాడు. అయినా వెదికేవాడి కన్ను ఎంత దూరం పోతుందో చూపడానికి చెప్పాను.

పీటర్ తంగరాజ్ కథ నా విషయానికి ఇంకా దగ్గర. 1935లో హైదరాబాదులో పుట్టిన ఈ ఆరడుగుల పైబడిన మనిషి మొదట సెంటర్ ఫార్వర్డుగా, అంటే గోళ్ళు కొట్టే స్థానంలో ఆడాడు. మద్రాసు రెజిమెంటులో చేరాక గోలు కాచే పనికి మారాడు. 1955, 1958లలో ఆ రెజిమెంటు డ్యూరాండ్ గెలిచింది. 1958లో ఆసియాలోకెల్లా ఉత్తమ గోల్‌కీపరుగా అతనికి పేరు వచ్చింది. గ్యాలరీని టాకిల్‌గా మార్చిన అయోవా గురువులకు నలభై అయిదేళ్ళ ముందు మన సిపాయిల మైదానంలో ఆ మార్పిడి జరిగింది.

మూడవది, పాఠం. బడిపంతులు కాబట్టి రహీమ్‌కు పాఠ్యప్రణాళిక అంటే ఏమిటో తెలుసు. ఆయన నడిపిన పోటీలను గురించి చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలిగింది. ఒక పోటీలో బంతిని తన దగ్గర ఉంచుకొని విన్యాసాలు చేయరాదు, రాగానే మరొకరికి అందించాలి. ఒక పోటీలో బలహీనమైన కాలితోనే తన్నాలి. కుడిచేతి వాటంవాడు ఎడమకాలితో అన్నమాట. ఇంకొక పోటీలో ఎత్తుకు మితి ఉంటుంది, పొట్టి పిల్లలకే ప్రవేశం. ఒక్కొక్క పోటీ ఒక్కొక్క లోపానికి మందు. ఎక్కాలు రాని పిల్లవాడిని కొట్టకుండా, ఎక్కాలు లేనిదే ముందుకు సాగని ఆట ఒకటి కల్పించినట్లు.

ఇక్కడ అమెరికా పద్ధతికీ మనదానికీ ఉన్న తేడా చెప్పాలి. వాళ్ళు శరీరాన్ని పెంచారు. మనవాళ్ళకు పెంచడానికి తిండి ఎక్కడిది? రహీమ్ శరీరాన్ని ఉన్నదున్నట్లుగా ఒప్పుకొని, కాలి ఒడుపునూ నిలబడే చోటునూ దిద్దాడు. ఎదుటివాడు రెండడుగులు పరుగెత్తే లోపల తాను ఒక అడుగు ముందే వేసి ఉంటే బరువుతో పనిలేదు. ఫుట్‌బాలు రక్షకుడు అమెరికన్ లైన్‌మన్ వంటివాడు కాడని తెలిసినవారు అనవచ్చు. నిజమే. మన రక్షకుడు బంతిని తాకవచ్చు, తన్నవచ్చు, మనసుపడితే గోలు కూడా కొట్టవచ్చు. కాని ఇద్దరి విధి ఒక్కటే. ఏమీ జరగకుండా చూడడం. జరగనిదానికి చరిత్ర ఎవరు వ్రాస్తారు?

*

ఒక ఉదాహరణ చెబుతాను. 1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. రహీమ్ శిక్షణలో మన జట్టు బంగారు పతకం గెలిచింది. ఫైనల్‌లో ఇరాన్ మీద ఏకైక గోలు కొట్టిన మేవాలాల్ పేరు ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. ఉండవలసిందే. ఇండొనీషియా మీద 3-0, ఆఫ్ఘనిస్తాన్ మీద 3-0, ఇరాన్ మీద 1-0. ఈ మూడు ఫలితాలలో రెండో అంకె చూడండి. సున్నా, సున్నా, సున్నా. టోర్నమెంటు మొత్తంలో మన వలలో ఒక్క బంతీ పడలేదు. ఆ మూడు సున్నలు ఎవరు చేశారు? శైలేన్ మన్నా వంటి ఫుల్‌బ్యాక్‌లూ, వారి ముందు హైదరాబాదు పోలీసు నూర్ మొహమ్మద్ వంటి హాఫ్‌బ్యాక్‌లూ. ఆ సున్నలే వాళ్ళ సంతకాలు.

సున్నకు విలువ తెలియాలంటే అది లేని రోజును చూడాలి. మరుసటి ఏడు 1952 హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయాం. మనవాళ్ళలో చాలామంది ఉత్తకాళ్ళతో ఆడారు. చలిదేశపు నేలమీద బూట్లు లేని కాళ్ళు నిలవలేదు. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరి అయ్యాయి. రహీమ్ కూడా వ్యూహాన్ని మొదటినుంచీ తిరగవ్రాసుకొన్నాడు. 1956 మెల్బోర్న్‌లో ఆస్ట్రేలియా మీద నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు కొట్టగా 4-2తో గెలిచి, ఒలింపిక్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టుగా నిలిచాం. చివరికి నాలుగో స్థానం. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, లతీఫ్, సలాం, అహ్మద్ హుసేన్, జుల్ఫికర్, బలరాం వంటివారు అరడజనుకు పైగా హైదరాబాదు, సికిందరాబాదు నేల మీద పెరిగినవారే. వీరిలో ఎక్కువమంది వెనుక వరుసలవారు. అంటే ఆ మహానగరం దేశానికి గోడలు కట్టి పంపింది.

1962 జకార్తా ఆసియా క్రీడల సంగతి చెప్పకుండా ముగించలేను. తొలి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. థాయ్‌లాండ్ మీద గెలిచిన ఆటలో ఫుల్‌బ్యాక్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఆ తలతో వెనుక నిలబడి ఎగిరే బంతులను కొట్టడం ప్రమాదం. మరొక శిక్షకుడైతే అతన్ని పక్కన కూర్చోబెట్టేవాడు. రహీమ్ అతన్ని సెంటర్ ఫార్వర్డుగా ముందుకు పంపాడు! జర్నైల్ సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాం మీద ఒక గోలు, సెప్టెంబరు 4న ఫైనల్‌లో అదే దక్షిణ కొరియా మీద ఒక గోలు కొట్టాడు. పి.కె. బెనర్జీ మరొకటి. గోలు దగ్గరికి తంగరాజ్ తిరిగి వచ్చాడు. 2-1తో బంగారం మనది. గోడగా నిలిచే మనిషికి ఆటంతా తెలుసునన్న నమ్మకం గురువుకు లేకపోతే ఆ ఎత్తు వేయగలడా? తొమ్మిది నెలలకు రహీమ్ కన్నుమూశాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాలులో మనకు మళ్ళీ బంగారం రాలేదు.

*

ఆ తరువాతి కథ మనకు అంత గర్వకారణం కాదు. సిటీ పోలీసు జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీసుగా మారి 1961లో డ్యూరాండ్ గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ తెచ్చుకొంది. కాని అప్పటికే కలకత్తా పిలుస్తున్నది. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడు. 1970 బాంకాక్ ఆసియా క్రీడలలో కంచు పతకం తెచ్చిన జట్టుకు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్, హైదరాబాదు రక్షకుడు. ఆయన కూడా 1966లో కలకత్తా చేరాడు. వెళ్ళినవారిని తప్పుపట్టను. సొమ్మెక్కువ ఇచ్చేచోటికి పనివాడు వెళతాడు, మా జిల్లానుంచి కువైట్‌కు వెళ్ళినవారి ఇళ్ళు ఊరూరా ఉన్నాయి. నా బాధ మరొకటి. తయారైన ఆటగాడికి వెల ఉన్నది. తయారుచేసిన చోటికి ఆ వెలలో వాటా లేదు. బలరాంకు సైకిలు ఏర్పాటు చేసిన ఖాతాలో కలకత్తా సొమ్ము ఒక్క అణా అయినా జమపడినట్లు కనబడదు. విత్తనం ఖర్చు రానప్పుడు రైతు ఎన్నేళ్ళు విత్తుతాడు?

అమెరికాలో ఇప్పుడు ఇదే తగవు నడుస్తున్నది. 2018లో ఆటగాళ్ళు ఒక కళాశాల నుంచి మరొకదానికి మారడం సులువు చేస్తూ పోర్టల్ అనే ఏర్పాటు వచ్చింది. 2021 నుంచి తమ పేరుతో సొమ్ము సంపాదించుకొనే హక్కూ వచ్చింది. కుర్రవాళ్ళకు అది న్యాయమే. ఎన్నో ఏళ్ళు వాళ్ళ చెమటతో ఇతరులు కోట్లు గడించారు. కాని మూడేళ్ళు ఉడకబెట్టి పెట్టిన లైన్‌మన్‌ను నాలుగో ఏడు డబ్బున్న కళాశాల ఎత్తుకుపోతే, చిన్న కళాశాల ఇక ఎందుకు పెంచాలన్న ప్రశ్న అక్కడా పుట్టింది. కలకత్తాకూ హైదరాబాదుకూ మధ్య అరవై ఏళ్ళ క్రితం జరిగినది అమెరికావారికి కొత్త సమస్యగా కనబడుతున్నది!

2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్.సి. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినప్పుడు పాత రోజులు తిరిగివచ్చాయని సంబరపడ్డాం. 2025లో ఆ జట్టు మూటాముల్లె సర్దుకొని ఢిల్లీకి తరలిపోయింది. కొన్న జట్టును మరొక చోటికి తీసుకుపోవచ్చు. రహీమ్ కట్టినది బడి, దాన్ని ఎవరూ బండిమీద వేసుకొని పోలేకపోయారు. అది ఉన్నచోటనే, చూసేవారు లేక, మెల్లగా కూలిపోయింది.

ఆశ కలిగించే మాట ఒకటి ఉన్నది. 2014లో మొదలైన ప్రో కబడ్డీలో పట్టుకొనేవాడి మార్కులను విడిగా లెక్కకట్టి తెరమీద వేస్తున్నారు. కూతకు వెళ్ళేవాడితో సమానంగా పట్టు పట్టేవాడి పేరూ పిల్లల నోట వినబడుతున్నది. అమెరికాలో కూడా 2015 నుంచి జో మూర్ పేరున ఒక బహుమతి ఇస్తున్నారు. అది ఏ ఒక్కడికీ కాదు, వరుస మొత్తానికి. లెక్కలోకి వచ్చినదానికే గడ్డి వేస్తారు. కాబట్టి లెక్క వ్రాయడం చిన్న పని కాదు.

*

చివరగా నా స్వంత లెక్క ఒకటి వ్రాసి ముగిస్తాను.

మేము చిన్నప్పుడు చెయ్యేటి ఇసుకలో చెడుగుడు ఆడేవాళ్ళం. మాలో ఒకడు బండమనిషి. కూతకు పంపితే ఊపిరి ఆగదు, పరుగెత్తలేడు. కాబట్టి గొలుసు చివర నిలబెట్టేవాళ్ళం. చివరివాడి పని చీలమండ పట్టుకోవడం. వాడు పట్టుకొంటే ఇక వదిలేది లేదు, మిగిలిన ఆరుగురం వచ్చి మీద పడడమే తరువాయి. ఒక ఏడు జిల్లా పోటీలలో మా బడి గెలిచింది. పత్రికలో కూతకు వెళ్ళిన నా పేరు వచ్చింది. ఆ కత్తిరింపు మా అమ్మ పెట్టెలో చాలాకాలం ఉండేది. వాడి పేరు రాలేదు. తరువాత ఒకచోట ఎంపికలకు వెళితే, బరువు చూసి నవ్వి వెనక్కి పంపారట. వాడే చెప్పాడు. నవ్వినవారిలో దూడను చూసి ఎద్దును ఊహించగలిగినవాడు ఒక్కడు కూడా లేకపోయాడు. వాడు మంగంపేట ముగ్గురాయి గనులలో చేరి, అక్కడే పనిచేసి విరమించాడు.

మా తమ్ముని కొడుకు తిరిగి వెళ్ళిపోయాక వాడిని కలిసి ఈ అయిదుగురి సంగతీ, రహీమ్ సంగతీ చెప్పాను. అంతా విని, "బంతి ముట్టుకోకూడదా? మరి కాపలాకు కూలి ఎంతిస్తారు?" అన్నాడు. చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత తన కుడిచేతి వ్రేళ్ళు ముడిచి తెరిచి చూసుకొన్నాడు. పట్టు ఇంకా ఉన్నదేమో చూసుకొన్నట్లు అనిపించింది.

ఆ ఏడు మేము గెలిచిన చివరి ఆటలో వాడు నాలుగు పట్లు పట్టాడు. ఏ పత్రికలోనూ లేని ఆ అంకెను ఇక్కడ వ్రాసి పెడుతున్నాను. మీ ఊళ్ళలోనూ ఇటువంటి చివరివాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళ లెక్కలు మీకు గుర్తుంటే క్రింద వ్యాఖ్యలలో వ్రాయండి.